శాంతి సౌందరరాజన్‌కి వెండి పతకం తిరిగి ఇవ్వాలా, వద్దా?

చూళైమేడు అమ్మ:
మా పాపకి పద్నాలుగేళ్లు, 800 మీటర్లు పరిగెడుతుంది. నిన్న నెహ్రూ స్టేడియం మెట్ల మీద పెద్దవాళ్లెవరో శాంతి సౌందరరాజన్ గురించి వాదించుకుంటుంటే విని, ఇంటికొచ్చి "ఆవిడ మందులు వాడిందా అమ్మా?" అని అడిగింది. లేదే! పుదుక్కోట్టై జిల్లాలో ఇటుక బట్టీ కూలీల బిడ్డ. 2006 డిసెంబర్‌లో దోహా ఏషియన్ గేమ్స్‌లో 800 మీటర్లలో 2:03.16తో వెండి గెలిచింది. జెండర్ టెస్టులో తప్పిందని లాక్కున్నారు. డోపింగ్ చెయ్యలేదు, వయసు దాచలేదు. ఆ పతకం ఆమెకిచ్చెయ్యాలి. మీరేమంటారు?

పెరంబూర్ రన్నర్:
అక్కా, ఆవిడ తప్పు చేసిందని నేనూ అనను. కానీ నేను కాలేజీలో 1500 పరిగెత్తినదాన్ని. ఆడవాళ్ల పోటీ విడిగా ఎందుకు పెట్టారో ఒంటికి తెలుసు. 2016 రియో ఒలింపిక్స్‌లో 800 పతకాలు ఆఫ్రికా రన్నర్లు సెమెన్యా, నియోన్‌సాబా, వంబుయీలవి. ఒంట్లో టెస్టోస్టెరాన్, అంటే మగ హార్మోన్, ఇంత దాటకూడదన్న 2018 నిబంధన వచ్చాక ముగ్గురికీ ఆ దూరం మూసుకుపోయింది. మరి రియోలో ఆ రోజు నాలుగో స్థానంలో వచ్చిన కెనడా అమ్మాయి సంగతి? ఆమె వైపు నుంచి కూడా ఎవరో ఒకరు మాట్లాడాలి కదా.

చూళైమేడు అమ్మ:
మాట్లాడాలి, కాదనను. మా పాప పిక్కల మీద స్పైక్ గీతలున్నాయి, నిన్ననే పసుపు రాశాను. లేన్ వదిలి లోపలికి వచ్చేచోట మోచేతులు, స్పైకులు తగులుతూనే ఉంటాయి. అంత కష్టపడ్డాక ఓడితే ఎలా ఉంటుందో రోజూ చూస్తున్నాను.

కానీ నువ్వు చెప్పిన నిబంధన ఎప్పటిది? టెస్టోస్టెరాన్ లీటరుకు 10 నానోమోల్స్ దాటకూడదని 2011లో పెట్టారు. 2015లో ఒడిశా రన్నర్ ద్యుతీ చంద్ వేసిన కేసులో క్రీడా న్యాయస్థానం దాన్ని ఆపేసింది. 2018లో 5 అన్నారు, అదీ 400 మీటర్ల నుంచి మైలు దాకా పరుగులకి మాత్రమే. 2023లో 2.5, అన్ని పోటీలకీ. 2025 సెప్టెంబర్ నుంచి ప్రపంచ పోటీలకి జన్యు పరీక్ష. గీత ఇన్నిసార్లు మారింది. అంకె గీతే లేని రోజున పరిగెత్తిన పిల్లకి పడిన శిక్ష మాత్రం మారలేదు. పైగా ఆ కబురు తనకి టీవీలో చూస్తేనే తెలిసిందని ఆవిడే చెప్పింది. కన్నతల్లినైతే ఆ టీవీ పగలగొట్టేదాన్ని.

పెరంబూర్ రన్నర్:
అంకె లేకపోయినా డాక్టర్ల బోర్డు పరీక్షించే పద్ధతి అప్పటికే ఉంది అక్కా. చెప్పిన తీరు ఘోరం, అందులో నీతోనే ఉన్నాను. ఫలితం మాత్రం వేరే సంగతి.

సౌకార్‌పేట పెదనాన్న:
అమ్మాయిలూ, పరీక్షే తప్పని తేలిన కథ ఒకటుంది. స్పెయిన్ హర్డిల్స్ క్రీడాకారిణి మార్తీనెస్ పతీన్యో 1985లో ఆడా మగా తేల్చే క్రోమోజోమ్ పరీక్షలో తప్పింది. ఆమె ఒంట్లో టెస్టోస్టెరాన్ ఉన్నా శరీరం దాన్ని అసలు పట్టించుకోదని తేల్చి, 1988లో మళ్లీ పోటీకి అనుమతించారు. అప్పటికి పరుగెత్తాల్సిన మంచి ఏళ్లు పోయాయి. శాంతికి అలా పోరాడిపెట్టిన వాళ్లెవరమ్మా? తమిళనాడు ప్రభుత్వం 15 లక్షలిచ్చింది, ఆ డబ్బుతో ఊళ్లో పిల్లలకి పరుగు నేర్పింది. డబ్బొచ్చింది, పేరు రాలేదు.

పెరంబూర్ రన్నర్:
సరే పెదనాన్నా, తిరిగిచ్చారనుకుందాం. ఆవిడ వెనకాల వచ్చి, తర్వాత వెండికి జరిగిన కజకిస్తాన్ అమ్మాయి దగ్గర లాక్కుంటామా?

సౌకార్‌పేట పెదనాన్న:
ఎందుకు లాక్కోవడం? అమెరికా అథ్లెట్ జిమ్ థోర్ప్ 1912 ఒలింపిక్స్‌లో గెలిచిన బంగారాలు లాక్కుని, 1982లో ఇచ్చేటప్పుడు రెండోవాళ్ల దగ్గర తీసుకోలేదు. ఇద్దరినీ విజేతలన్నారు. ఇక్కడా రెండు వెండి పతకాలుండొచ్చు.

పెరంబూర్ రన్నర్:
అలాగైతే నాకు అడ్డు లేదు. ఇకముందు నిబంధన గట్టిగా ఉండాలన్న మాట మాత్రం వదలను. అక్కా, పాప టైమెంత వస్తోంది?

చూళైమేడు అమ్మ:
2:31. మొదటి లాప్ మరీ తొందరపడి, చివరి 200లో చచ్చుబడిపోతోంది. ఆదివారం ఓసారి వచ్చి చూడమ్మా.