చిన్న ద్వీపానికి విమాన సర్వీసు: కాంట్రాక్టులో ఏమేం రాయించాలి?

తీరగాలి:
జనాభా రెండు వేల లోపు ఉన్న ద్వీపం. 900 మీటర్ల రన్‌వే, తిరిగేది 19 సీట్ల విమానం ఒక్కటే. సీజన్‌లో టూరిస్టులతో నిండిపోయి, ఆసుపత్రి పని మీద వెళ్లాల్సిన ఊరివాళ్లకు సీటు దొరకదు. సీజన్ అయిపోగానే ట్రిప్పులు తగ్గిపోతాయి. సబ్సిడీతో కొత్త టెండర్ పిలిస్తే షరతులు ఎలా ఉండాలి? పెద్ద విమానం అడగడం మేలా?

లెక్కలమనిషి:
ముందు సబ్సిడీ దేనికిస్తున్నారో తేల్చండి. టికెట్ మీద శాతం రాయితీ ఇస్తే మూల ధర పెంచుకోవడం కంపెనీకి చిటికెలో పని. అందుకే స్థానికుల ఛార్జీకి గరిష్ఠ పరిమితి పెట్టి, రోజుకు ఇన్ని సీట్లు వాళ్లకని విడిగా ఉంచాలి. ఆ సీట్లను 48 గంటల ముందు అందరికీ వదలొచ్చు. అయితే వైద్యం కోసం రెండు సీట్లను మాత్రం బయలుదేరే ముందు రోజు సాయంత్రం దాకా ముట్టుకోకూడదు.

గడువు కూడా ముఖ్యమే. ఏడాది కాంట్రాక్టు చూసి ఎవరూ విమానం కొనరు, పైలట్లకు శిక్షణా ఇవ్వరు. యూరప్ చట్టంలో ఇలాంటి రూట్లకు గరిష్ఠంగా 4 ఏళ్లు, సుదూర ప్రాంతాలకు 5 ఏళ్లు ఇస్తారు. చిన్న ఊళ్లకు విమానాలు నడిపించే మన కేంద్ర పథకం ఉడాన్ తొలి విడతల్లో మద్దతు 3 ఏళ్లు ఉండేది. కాగ్ నివేదిక ప్రకారం మూడో విడత వరకు మొదలైన 371 రూట్లలో మూడేళ్లు పూర్తి చేసుకున్నవి 112. వాటిలో 2023 మార్చి దాకా నిలిచినవి 54. మద్దతు ఆగాక ఖర్చు ఎవరు భరిస్తారో మొదటి రోజే కాగితం మీద ఉండాలి.

రన్‌వేచివర:
పెద్ద విమానం మాట ఎత్తే ముందు అగ్నిమాపక కేటగిరీ, అంటే విమానాశ్రయంలో ఉండాల్సిన మంటలార్పే ఏర్పాట్ల స్థాయి, చూడండి. విమానం పొడవు, బాడీ వెడల్పులను బట్టి అది మారుతుంది. 19 సీట్ల ట్విన్ ఆటర్‌కు 3 చాలు. దాదాపు 70 సీట్ల ఏటీఆర్ 72కు 5 కావాలి. రాకపోకలు తక్కువైతే 4తో సరిపెట్టుకోవచ్చు. అంటే అదనపు నీళ్లు, ఫోమ్, సిబ్బంది, అదీ ఏడాది పొడవునా. పైగా రన్‌వే పొట్టిదైతే సీట్లున్నా నింపలేరు. లక్షద్వీప్‌లోని అగత్తిలో రన్‌వే దాదాపు 1,200 మీటర్లు. అక్కడే ఏటీఆర్ 72 పూర్తి లోడుతో లేవలేదు. మీ 900 మీటర్లకు ఆ ఆలోచనే వద్దు.

ద్వీపంలో ఇంధనం లేకపోతే రానుపోనూ ఇంధనమంతా వచ్చేటప్పుడే మోసుకురావాలి. ట్విన్ ఆటర్ గంటకు సుమారు 270 కిలోలు తాగుతుంది. వాతావరణం చెడితే మళ్లించాల్సిన విమానాశ్రయం మరో అరగంట దూరమైతే 135 కిలోలు అదనం. సామానుతో సహా ఒకరిద్దరు ప్రయాణికులు దిగిపోవాల్సిందే. ఎండ వేడికి విమానం మోయగల బరువు ఇంకా తగ్గుతుంది. కాబట్టి టెండర్‌లో ట్రిప్పులు కాదు, వేసవి మధ్యాహ్నం ఎండలో కూడా అమ్మగలిగే సీట్లు ఎన్నో అడగండి.

ఉప్పుగాలి సంగతి మరిచిపోవద్దు. రోజు చివర ఇంజిన్ కంప్రెసర్‌ను మంచినీళ్లతో కడగాలి. ల్యాండింగ్ గేర్, ప్రొపెల్లర్ కూడా. ఉన్న ఒక్క విమానం తనిఖీకి వెళ్తే సర్వీసే ఆగుతుంది. బదులు విమానం ఎన్ని గంటల్లో వస్తుందో రాయించండి.

తీరగాలి:
సీట్లు ఆపి ఉంచితే ఖాళీగా పోతాయని, నష్టం తమదేనని కంపెనీ అంటోంది.

లెక్కలమనిషి:
అమ్ముడుపోని ఆ సీట్లకు ముందే ఒప్పుకున్న ధర సబ్సిడీలోంచి చెల్లించండి. బేరం అక్కడితో ముగుస్తుంది. ప్రతిగా రద్దయిన ట్రిప్పుకు సబ్సిడీలో కోత పెట్టండి. పొగమంచు, గాలి వల్ల రద్దయితే కోత వద్దు. లేకపోతే పైలట్ మీద ఒత్తిడి పడుతుంది, అది ప్రమాదం.

రన్‌వేచివర:
ఇంకొకటి. విమానం రాత్రి ఎక్కడ ఆగుతుంది? ప్రధాన భూభాగంలో ఆగితే మొదటి ట్రిప్పు టూరిస్టులను తీసుకొస్తుంది. ఊరివాళ్లు ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగి రాలేరు. ద్వీపంలోనే ఆగితే ఒక్క రోజులో ఆసుపత్రి పని పూర్తవుతుంది. దీనికి హ్యాంగర్, ఇంజనీరు, సిబ్బందికి గదులు కావాలి. ఉదయం, సాయంత్రం ట్రిప్పులకు ఒకే జట్టును వాడితే మధ్యలో విశ్రాంతి ఇవ్వకుండా డ్యూటీ గంటలు సరిపోవు. రెండో జట్టు ఖర్చు ముందే కలపండి. విమానం రాని రోజు అదే టికెట్ ఫెర్రీలో చెల్లేలా ఒప్పందం చేసుకోండి.