పిగిలిపిట్ట గుడ్లు తినేస్తున్న ఎలుకను ఆపేదెలా?

మాది తణుకు. పెరట్లో దానిమ్మ చెట్టు మీద పిగిలిపిట్ట రెండోసారి గూడు కట్టింది. మొదటిసారి పెట్టిన మూడు గుడ్లూ ఒక్క రాత్రిలో పోయాయి. కింద కొరికేసిన పెంకులు, ఎలుక పెంటికలు. మొన్న రాత్రి రెండింటికి టార్చి వేస్తే, పొడుగు తోక ఎలుక ప్రహరీ మీంచి కొమ్మెక్కుతూ కనబడింది.

బోనులో ఎండుచేప, టమాటా పెట్టి వారం చూశాను, ఒక్కటీ పడలేదు. జిగురు అట్టకు తొండ అంటుకుని చచ్చింది, పాపం. అట్ట తీసేశాను. ఎలుకల మందు బ్రోమాడయోలోన్ బిళ్లలు పెట్టను. అవి తిన్న ఎలుకను తింటే ఎదురింటి గుడ్లగూబలకూ ముప్పే.

ఇప్పుడు గూట్లో రెండు గుడ్లున్నాయి. మొదలుకు రేకు చుడదామంటే కొమ్మలు గోడకు ఆనుకున్నాయి. వాటిని నరికితే పిట్ట గూడు వదిలేస్తుందేమోనని టెన్షన్.

పిట్ట బెదరకుండా, ఎలుక గోడ మీంచి ఎక్కకుండా ఏం అడ్డం పెట్టొచ్చు?