బరువు తగ్గలేదని జవాను లీవు కోస్తే ఎలా?

పలాస కుర్రోడు: 2024 జనవరిలో పేపర్లలో వచ్చింది గుర్తుందా, ఆర్మీలో బరువు ఎక్కువున్నవాళ్లకి 30 రోజులు టైమిచ్చి, అప్పటికీ మార్పు లేకపోతే లీవులు కోస్తారని. ఫిట్‌నెస్ ఉండాలి, కాదనను. కానీ రెగ్యులర్ జవానుకి యాన్యువల్ లీవు 60 రోజులు, నాలుగేళ్లకే తీసుకునే అగ్నివీర్‌కైతే ఏడాదికి 30 రోజులే, చెల్లి పెళ్లైనా నాన్న ఆపరేషనైనా వరికోతలైనా అందులోనే సర్దుకోవాలి. దాన్ని కోస్తే శిక్ష పడేది ఇంట్లోవాళ్లకి.

మాజీ హవల్దార్: తమ్ముడూ, బీపెట్ అని ఆర్మీ ఫిట్‌నెస్ టెస్టు, ఎప్పుడైనా చూశావా? రైఫిల్, ప్యాక్‌తో 5 కి.మీ. పరుగు, 60 మీటర్ల స్ప్రింట్, తాడు ఎక్కడం, 9 అడుగుల గొయ్యి దూకడం. వయసు పెరిగితే టైము సడలిస్తారు, కుర్రాళ్లతో పోటీ పెట్టరు. ఒకడు వెనకబడితే వాడి లోడు పక్కవాడు మోయాలి, వాడికీ ఇల్లుంది కదా. నచ్చజెబితే తగ్గేవాళ్లని నేనైతే పెద్దగా చూడలేదు.

గుంటూరు సివిలియన్: ఇద్దరూ లీవు దగ్గరే ఆగిపోయారు. అసలు మార్పు టెస్టు పెట్టేవాళ్లలో వచ్చింది. ఇదివరకు యూనిట్‌ని నడిపే సీవో (కమాండింగ్ ఆఫీసర్)దే బాధ్యత, తన మనుషులే పాతికమంది ఫెయిలని రాస్తే పోయేది తన పేరే, ఇక ఎవరు రాస్తారండీ? ఆ 2024 పాలసీ ప్రకారం మూడు నెలలకోసారి బ్రిగేడియర్, ఇద్దరు కల్నళ్లు, ఒక డాక్టర్ బోర్డుగా కూర్చుంటారట. ఇది సరిగ్గా జరిగితే ఆఫీసర్ల పొట్టలు కూడా లెక్కలోకొస్తాయి.

పలాస కుర్రోడు: బోర్డుకి నేనూ ఓకే. అదే పాలసీలో ఆరు నెలలకోసారి 32 కి.మీ. రూట్ మార్చ్ కూడా ఉంది, అదీ మంచిదే. కానీ శిక్ష ఉద్యోగంలోనే ఉండాలి సార్. కోర్సులు ఆపండి, ఏసీఆర్‌లో (ఏటా రాసే పనితీరు రిపోర్టులో) రాయండి, ప్రమోషన్ ఆపండి. లీవు జోలికి మాత్రం రావద్దు.

మాజీ హవల్దార్: అగ్నివీర్‌కి నాలుగేళ్లలో ప్రమోషన్ ఎక్కడిది? చివర్లో 25 శాతానికి మించి ఉంచుకోరు కాబట్టి వాడు ఎవరూ చెప్పకుండానే పరిగెత్తుతాడు. బరువు పెరిగేది సరిహద్దుకి దూరంగా పీస్ స్టేషన్‌లో కుర్చీకి అలవాటుపడ్డ, ముప్పై దాటిన నాయక్ ర్యాంకు జవాను. నువ్వన్నట్టు వాడి ప్రమోషన్ ఆపితే పెరగాల్సిన జీతం పెరగదు, రేపు పెన్షనూ తగ్గుద్ది, అది చచ్చేదాకా. వాడి భార్యనే అడుగు, పది రోజుల లీవు పోవడం నయమా, ఇది నయమా అని.