‘సాహిత్యం లేదు’ అన్నప్పుడు ఏది లేదంటున్నాం?

ప్రశ్న

పెద్దలకు నమస్కారం. మొన్న ఒక పెళ్లి విందులో మోగుతున్న కొత్త సినిమా పాట విని మా మేనమామగారు "ఇప్పటి పాటల్లో సాహిత్యం లేదు" అని పెదవి విరిచారు. పక్కనే కూర్చున్న మా సంగీతం టీచరుగారు నవ్వి, "సాహిత్యం లేకపోవడమేమిటండీ, ఆ అమ్మాయి గొంతు చించుకుని పాడుతున్నది సాహిత్యమే కదా" అన్నారు. ఇద్దరూ ఒకే మాటను రెండు అర్థాల్లో వాడారని తెలిసింది గాని, వాటిలో అసలు అర్థం ఏదో తెలియలేదు. ఆ అర్థంలో చూసినప్పుడు నేటి పాటలు పాతవాటికన్నా నిజంగానే తీసికట్టా? తెలిసినవారు వివరించగలరని మనవి.

సమాధానం

మీ మేనమామగారూ టీచరుగారూ ఇద్దరూ సరైన తెలుగే మాట్లాడారు. తగవు మాటలోనే ఉంది. ‘సహిత’ అంటే కూడి ఉన్నది, అలా కూడి ఉండడమే సాహిత్యం. కావ్యశాస్త్రం రాసిన భామహుడు "శబ్దార్థౌ సహితౌ కావ్యమ్" అన్నప్పుడు కూడి ఉండవలసినవి శబ్దమూ అర్థమూ; ఆ దారిన పోయిన ఆలంకారికుల చేతిలో ఈ మాట కావ్యవిద్యకు పేరై, క్రమంగా రాతకోతల మొత్తానికీ వ్యాపించింది. సంగీతం వారి చేతిలో అదే మాట మరో దారి పట్టి, స్వరంతో కూడి ఉండే పదాలకు పేరయింది. శాస్త్ర గ్రంథాలు స్వరరచనను ధాతువనీ పదరచనను మాతువనీ అన్నాయి. ఈ రెండూ ఒక్కరే కూర్చగలిగితే ఆయన వాగ్గేయకారుడు. కచేరీలో విద్వాంసుడు "సాహిత్యం మరిచిపోయాను" అంటే కవిత్వం మరిచిపోయాడని కాదు, చరణంలో మాటలు గుర్తుకు రాలేదని.

ఈ రెండో అర్థాన్ని కంటితో చూడాలంటే సంగీతం నేర్చుకునే పిల్లల నోటుపుస్తకం తెరిస్తే చాలు. మలహరి రాగంలో పురందరదాసు గీతం తొలి పాఠాల్లోనే వస్తుంది. పై వరుసలో ‘మ ప | ధ స స రి’ అని స్వరాలుంటాయి, వాటి కింద ‘శ్రీ – | గ ణ నా థ’ అని సాహిత్యం ఉంటుంది. ఇక్కడ ఒక చిన్న విశేషం గమనించండి. ‘శ్రీ’కి రెండు స్వరాల చోటు దక్కితే, అంతే దీర్ఘమైన ‘నా’కు ఒక్క స్వరమే దక్కింది, అంటే ‘గ’కూ ‘ణ’కూ దక్కినంతే. ఆ గీతంలోనే ‘లక్ష్మీకర’ అనే సంస్కృత సమాసం నోటికి మెత్తబడి ‘లకుమికర’ అయింది. అదే పాఠాల వరసలో వచ్చే కొన్ని గీతాల్లో ‘అ ఇ య’, ‘తియ్యం’ వంటి అర్థం లేని అక్షరాలు స్వరానికి ఊతంగా నిలబడతాయి. బతుకమ్మ పాటలో ప్రతి పాదానికీ వచ్చే ‘ఉయ్యాలో’ చేసే పనీ, పడవవాళ్ల ‘హైలెస్సా’ చేసే పనీ ఇంతకంటే వేరు కాదు. కాబట్టి ‘ఊఁ’లూ ‘తననన’లూ వినబడగానే పాట దిగజారిందని తీర్పు చెప్పే ముందు కొంచెం ఆగాలి.

ఇక మీ మేనమామగారి అర్థం, అంటే కవిత్వం అన్న అర్థం. దీనికి అందరూ వినే శ్లోకం ఒకటి ఉంది:

సంగీతమపి సాహిత్యం సరస్వత్యాః స్తనద్వయమ్
ఏకమాపాతమధురమన్యదాలోచనామృతమ్

సంగీతం చెవిన పడిన క్షణంలోనే తీపి, సాహిత్యం ఆలోచించిన కొద్దీ అమృతం అని దీని భావం. సంగీతాన్ని పొగిడే సభల్లోనూ సాహిత్య సభల్లోనూ దీన్ని సమానంగా వాడుకుంటారు గాని, ఇందులో కాలం సంగతి ఒకటి ఉందని ఎవరూ పట్టించుకోరు. ఆలోచనామృతానికి ఆలోచించే వ్యవధి కావాలి. మాయాబజార్ 1957లో వచ్చింది. అందులోని పడవ పాటలో పింగళివారి ‘లాహిరి’కి అర్థమేమిటని అప్పటి నుంచీ తర్కించుకుంటూనే ఉన్నాం, లాహిరి అంటే మత్తు, మైకం అని ఒకరు నిఘంటువు తీస్తే, లహరి నుంచి వచ్చిందని మరొకరు పడవ ఎక్కుతారు. అరవై ఏళ్లకు పైబడి నలిగిన మాటను, పెళ్లి విందులో మూడు నిమిషాలు చెవిన పడిన మాటతో పక్కపక్కన పెట్టి తూచడం న్యాయం కాదు. పైగా ఆ అరవై ఏళ్లలో జల్లెడలోంచి జారిపోయిన పాటలను మనం లెక్కలోకి తీసుకోము, ఎందుకంటే అవి గుర్తే లేవు.

ఆ పాత పాటలు పుట్టిన రోజుల్లో వాటి మీద వచ్చిన తీర్పు ఏమిటో కూడా చూడాలి. 1952లో కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్, సినిమా పాటలు జనం అభిరుచిని చెడగొడుతున్నాయని భావించి, ఆకాశవాణిలో వాటిని బాగా తగ్గించివేసి శాస్త్రీయ సంగీతానికి పెద్దపీట వేశారు. శ్రోతలు రేడియో ముల్లును సిలోన్ వైపు తిప్పారు. చివరకు 1957 అక్టోబరు 3న వివిధ భారతి మొదలైన తరువాతనే సినిమా పాటకు ఆకాశవాణిలో మళ్లీ నికరమైన చోటు దొరికింది. ఈనాడు మనం స్వర్ణయుగం అని కళ్లకద్దుకునే కాలపు పాటల మీద ఆనాటి పెద్దల అభిప్రాయం అది. మీ మేనమామగారి మాట డెబ్బై ఏళ్ల పాతదన్నమాట. పాత పాటలంటే ఇష్టపడే ఆయనకు ఈ సంగతి నచ్చవచ్చు.

మళ్లీ ప్రశ్న

అయ్యా, వివరంగా చెప్పినందుకు ధన్యవాదాలు. అయితే నేటి పాటలో ఏ లోటూ లేదనే మీ అభిప్రాయమా? ఒకే మాటను పదిసార్లు తిప్పి తిప్పి అనడాన్ని కూడా సాహిత్యమే అనాలా?

సమాధానం

లోటు లేదని అనను. అది ఎక్కడుందన్న దగ్గరే నాకూ మీ మేనమామగారికీ తేడా. మాట స్వరంతో కూడి ఉండాలన్న షరతు దగ్గరే నేటి పాట తరచుగా తప్పుతోంది. ‘నా వేకువ నీవే’ అని కవి రాశాడనుకుందాం (ఈ పాదం నేనే కల్పించాను, ఏ పాటలోనూ వెతకవద్దు). బాణీలో విరుపు నాలుగో మాత్ర దగ్గర (హ్రస్వం పలికే కాలం ఒక మాత్ర, దీర్ఘానికి రెండు) పడితే గాయని ‘నావే’ అని ఆగి ‘కువ నీవే’ అని అందుకుంటుంది. వినేవాడికి ‘నావే’ అంటే ఏవో వస్తువులు తనవేనని చెబుతున్నట్టు వినబడుతుంది, ‘కువ’ అంటే ఏమిటో బోధపడదు. కవిత్వం కాగితం మీద చెక్కు చెదరలేదు, సాహిత్యం మాత్రం చచ్చిపోయింది. ‘కల’ను ‘కాల’ అనిపించే సాగదీత, ళకారమూ ణకారమూ పలకని గొంతులు, తెలుగు పాటను దేవనాగరిలోనో రోమన్ లిపిలోనో రాసుకుని పాడినప్పుడు వచ్చే ఇబ్బందులు, ఇవన్నీ ఈ కోవలోవే. త్యాగరాజస్వామి శ్రీరంజని రాగంలో ‘సొగసుగా మృదంగ తాళము’ అనే కృతిలో మంచి కృతికి ఉండవలసిన లక్షణాలను చెబుతూ, భక్తినీ నవరసాలనూ చెప్పిన వరసలోనే ‘యతి విశ్రమ’లనూ చేర్చారు. ఎక్కడ ఆగాలో తెలియడం ఆయన దృష్టిలో కృతికి అంత ముఖ్యం. ఆ స్వామి కృతులనే మాటకు మధ్యలో విరిచి పాడే కచేరీలు నేను చాలా విన్నాను కనుక, ఈ దోషాన్ని సినిమావాళ్ల ఒక్కరి నెత్తినే రుద్దడం కూడా సరికాదు.

ఒకే మాటను తిప్పడం గురించి అడిగారు. అందుకు 2023లో ఆస్కార్ అందుకున్న కీరవాణి, చంద్రబోస్‌ల పాటే తీసుకోండి. ‘నాటు’ అనే మాటను అన్నిసార్లు అనడమేమిటని విసుక్కున్నవారు మన గుంపులోనే ఉన్నారు. ఛందస్సు లెక్కన చూడండి: ‘నా’ గురువు, రెండు మాత్రలు, ‘టు’ లఘువు, ఒక మాత్ర. మొత్తం మూడు. ‘నాటు నాటు’ అంటే మూడూ మూడూ ఆరు. ఆ పాట నడక సరిగ్గా ఆ ఆరు మాత్రలదే. దరువు పడే చోట ‘నా’ పడుతుంది, వెంటనే ‘టు’ నేలను తన్ని లేస్తుంది. నాడు నుంచి వచ్చి, నాటుకోడిలోనూ నాటువైద్యంలోనూ మనకు రోజూ తగిలే మాట అది. ఊరిదనాన్ని మొరటుదనంతో కలిపి చెప్పడానికి ఇంతకంటే పొట్టి మాట దొరకదు. అది గొప్ప కవిత్వమా అని నన్ను అడిగితే కాదనే అంటాను. మాట బాణీతో కూడి ఉందా అంటే మాత్రం, నోటుపుస్తకంలోని ‘గణనాథ’ కన్నా గట్టిగా కూడి ఉంది.

తిప్పి తిప్పి అనడానికి మరో కారణం కూడా ఉంది. ఇప్పుడు పాట సినిమాకన్నా ముందే, వారాల తరబడి ముందే, ఫోనులోకి వస్తుంది. కథ ఏమిటో, పాడేది ఎవరో, ఎందుకు పాడుతున్నారో తెలియని శ్రోతను మొదటి పదిహేను సెకన్లలో పట్టుకోవాలి. సన్నివేశం తోడు లేని పాటకు చేతిలో మిగిలేది పట్టుపదం ఒక్కటే. వెనకటి పాట సన్నివేశంతో పాటు తెర మీదికి వచ్చేది కనుక నెమ్మదిగా నడిచినా చెల్లింది. నిజంగా పోయినదేమిటంటే పద్యం పోయింది. పౌరాణిక చిత్రాలతో పాటే వెళ్లిపోయింది. దానికి నాకూ బాధగానే ఉంది. పాటలో కవిత్వం పోయిందనడానికి మాత్రం నా దగ్గర సాక్ష్యం లేదు. ఉత్తమ గీత రచనకు జాతీయ పురస్కారం 1974 నాటి చిత్రానికి శ్రీశ్రీకి, 1993 నాటి చిత్రానికి వేటూరికి, 2003 నాటి చిత్రానికి సుద్దాల అశోక్ తేజకు వచ్చిన వరసలోనే 2023 నాటి ‘బలగం’ పాటకు కాసర్ల శ్యామ్‌కూ వచ్చింది. అవార్డులు కొలబద్దలు కావని మీరు అనవచ్చు, ఒప్పుకుంటాను. పెళ్లి పందిరి కూడా కొలబద్ద కాదు.

మాటల విషయంలో నా సూచన ఇది. భావం పలచగా ఉందనిపిస్తే ‘కవిత్వం లేదు’ అందాం. మాట బాణీలో అతకకపోతే ‘సాహిత్యం కుదరలేదు’ అందాం. రెంటికీ ‘సాహిత్యం లేదు’ అనే ఒకే మాట వాడుతున్నంత కాలం ఈ చర్చ తెగదు.

ప్రశ్న అడిగినవారి నుంచి

అయ్యా, మీ సమాధానాలు రెండూ మా మేనమామగారికి చదివి వినిపించాను. కేస్కర్ గారి సంగతి విని చాలాసేపు నవ్వారు. తరువాత, "ఇంతకీ ఆ రోజు పాటలో ఏ మాట మీకు నచ్చలేదు మామయ్యా?" అని అడిగాను. "మాటా! నా కుర్చీ సరిగ్గా డీజే పెట్టెల ముందు వేశారురా, ఒక్క అక్షరం వినబడితే ఒట్టు" అన్నారు.