2 నిమిషాల థ్రిల్లర్ ఓపెనింగ్: షూట్‌కు ముందు ఏమేం తేల్చుకోవాలె?

మట్టెవాడ_గల్లీ:

అన్నలు, అక్కలు, జర చూసి చెప్పుండ్రి. మాస్ కమ్యూనికేషన్ ప్రాక్టికల్ కింద థ్రిల్లర్ సినిమా ఓపెనింగ్ తీయాలె. నిడివి 2 నిమిషాలు, టైటిల్స్ అందులోనే పడాలె. ఐదుగురం ఉన్నం. ఒక్క రోజుకు అద్దె కెమెరా (మిర్రర్‌లెస్, క్రాప్ అంటే చిన్న సెన్సార్, 50 ఎంఎం 1.8 లెన్స్), ట్రైపాడ్, రెండు ఫోన్లు, ఒక కాలర్ మైక్.

కథ: హన్మకొండల ఒక్కతే అద్దెకుండే నర్సు రాత్రి డ్యూటీ దిగి ఇంటికొస్తది. లోపల ఎవడో ఉన్నడు. స్క్రిప్ట్‌లో ముందు వాయిస్ ఓవర్, తర్వాత కాజీపేట ప్లాట్‌ఫాం మీద ఛేజ్, వరంగల్ కోట తోరణాల దగ్గర శవం, చివర్ల ఇల్లు. మొత్తం 40 షాట్లు. ఒక్క రోజుల అయితదా? రాత్రి సీన్ రాత్రే తీయాల్నా? తెలుగు టైటిల్స్‌లో వత్తులు విడిపోతున్నయి, ఏం చేయాలె?

కట్_చెప్పు:

తమ్మీ, ముందు కత్తెర పట్టు. నువ్వు రాసుకున్నది ట్రైలర్, ఓపెనింగ్ కాదు. 2 నిమిషాల్లో ఛేజ్, శవం, ఇల్లు మూడూ పెడితే ఒక్కో దానికి 40 సెకన్లు కూడా రావు. చూసేటోడికి భయం పుట్టాలంటే ముందు ఆ జాగ అలవాటు కావాలె. దానికే అర నిమిషం పోతది.

కోట, రైల్వే స్టేషన్ రెండూ తీసెయ్. కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. ట్రైపాడ్, నటులతో షూటింగ్ అంటే ముందే రాతపూర్వకంగ అనుమతి ఉండాలె. ప్లాట్‌ఫాం మీద షూటింగ్‌కు రైల్వే అనుమతి వేరే. పట్టాల మీదికి దిగుడైతే రైల్వే చట్టం 147 సెక్షన్ కింద నేరమే. కాజీపేట ఉన్నట్టు తెలియాలంటే దూరంగ ఒక రైలు కూత చాలు, పైసా ఖర్చు లేదు.

ఇల్లు ఒక్కటే ఉంచు. ఓపెనింగ్ అంతా ఒకే ప్రశ్న మీద నిలబడాలె, ఆ ప్రశ్న ఆమె కంటే ముందు ప్రేక్షకుడికి తట్టాలె. ఉదాహరణకు ఇట్ల చూడు. గల్లీ అంతా ఎండి ఉన్నది. ఆమె గుమ్మం ముందు చెప్పులు విడుస్తది. పక్కన ఇంకో జత, మగవాళ్లవి, అడుగున తడి బంకమట్టి. ఆమె చూపు తాళం మీదనే ఉంటది, కిందికి చూడదు. తాళం వేసింది వేసినట్టే ఉన్నది. ఆమె తాళం తీసి లోపలికి పోతది. గంతే. వాడు లోపలికి ఎట్ల పోయిండు, ఇంకా ఉన్నడా అని చూసేటోడే తనను తను అడుగుతడు. వాయిస్ ఓవర్ పెట్టి "ఆ రాత్రి నా జీవితం మారిపోయింది" అన్నవనుకో, ఆమె బతికే ఉందని నువ్వే చెప్పేసినట్టు. వాయిస్ ఓవర్ వద్దు.

చెప్పుల షాట్ 3 సెకన్లు ఉంచు. 2 సెకన్లయితే సగం మంది పట్టుకోరు, 5 అయితే వేలు పెట్టి చూపించినట్టు ఉంటది. ఇట్లాంటి లెక్క కాగితం మీద తెగదు. స్టోరీబోర్డ్ బొమ్మల్ని ఫోన్‌తో ఫొటోలు తీసి, ఎడిటింగ్ టైమ్‌లైన్ మీద పెట్టి, అడుగుల చప్పుడు, తాళం చప్పుడు పరిచి చూడు. ఏ షాట్ అక్కర్లేదో అక్కడే తెలుస్తది. 40 షాట్లు 24, 25కు దిగుతయి.

వెలుగు_నీడ:

పై మాటతో ఏకీభవిస్తాను. ఇప్పుడు రోజు లెక్క. లైటు మార్చి, ఫ్రేమ్ కుదిర్చి, రిహార్సల్ చేసి, మూడు టేకులు తీయడానికి కొత్త బృందానికి షాట్‌కు 20 నిమిషాలు పడుతుంది. 25 షాట్లంటే 8 గంటల పైనే. 40 అయితే 13 గంటలు, అందులో భోజనం లేదు. షాట్లను కథ వరుసలో తీయకండి. తలుపు వైపు చూసేవన్నీ ఒక గుత్తి, వంటింటి వైపు చూసేవన్నీ ఇంకో గుత్తి. లైటు ఒక్కసారే మారుతుంది. ఇలా తీస్తే కంటిన్యూటీ తప్పుతుంది కాబట్టి, ప్రతి షాట్ చివర ఆమె ఫొటో ఒకటి తీసి పెట్టండి. బ్యాగు ఏ భుజానికి ఉంది, జడ ముందుకా వెనక్కా అన్నవే ఎడిటింగ్‌లో పట్టిస్తాయి.

ఇంటి లోపలి రాత్రి పగలే తీయవచ్చు. కిటికీలకు బయటి నుంచి నల్ల గుడ్డ రెండు మడతలు కట్టండి. ఒక మడతైతే మిట్టమధ్యాహ్నం నేత కనిపిస్తుంది. వీధి మాత్రం సంధ్యవేళ. డిసెంబర్‌లో మన దగ్గర సూర్యుడు 5:40 ప్రాంతంలో అస్తమిస్తాడు. ఆ తర్వాత ఆకాశం నీలంగా ఉండేది 20 నిమిషాలు. దానికి రెండు షాట్లే పెట్టుకోండి, 5 గంటలకల్లా రిహార్సల్ అయిపోవాలి.

కెమెరా సెట్టింగులు: సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 సెకను. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు మిణుకుమంటుంది. 30 ఫ్రేములు, 1/60 పెడితే ఫ్రేమ్ మీద చారలు పాకుతాయి. చవక ఎల్‌ఈడీ ఫ్లడ్ లైట్లు కొన్ని 1/50లో కూడా మిణుకుతాయి, కొనేముందు దుకాణంలోనే ఫోన్ పెట్టి చూడండి. ఫోన్ల ఫ్రేమ్ రేటు దానంతటదే మారుతూ ఉంటుంది, తర్వాత శబ్దం జారిపోతుంది. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితం. అందులో 25కు బిగించి ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ లాక్ చేయండి.

ఆ 50 ఎంఎం లెన్స్‌తో చిక్కు ఉంది. క్రాప్ సెన్సార్ మీద మనిషి నిలువెత్తు రావాలంటే కెమెరా 6 మీటర్ల పైనే వెనక్కి జరగాలి. అద్దె గది 3 మీటర్లే ఉంటుంది. వెడల్పు షాట్లు ఫోన్‌తో, ముఖాలు 50తో తీయండి. అపెర్చర్ (లెన్స్ రంధ్రం) 1.8 దగ్గర తెరిచి ఉంచితే 2 మీటర్ల దూరంలో ఫోకస్‌లో ఉండేది అర జానెడు. ఆమె ఒక్క అడుగు వేస్తే ముఖం మసక. నడిచే షాట్లకు 4 పెట్టండి, జానెడు దొరుకుతుంది. తగ్గిన వెలుతురుకు లైటు పెంచండి, ఐఎస్‌ఓ (సెన్సార్ సున్నితత్వం) కాదు.

లైటు ఒక్కటే, పక్క నుంచి. ముఖంలో సగం చీకట్లోనే ఉండనివ్వండి. మరీ నల్లగా పోతే అవతలి వైపు తెల్ల థర్మోకోల్ షీటు చాలు. హాలోజన్ వాడితే బటర్ పేపర్‌ను దానికి మూరెడు దూరంలో పట్టాలి, తగిలితే అంటుకుంటుంది. 500 వాట్ల హాలోజన్లు మూడు ఒకే 6 ఆంపియర్ల సాకెట్‌కు పెట్టొద్దు. రెండింటితోనే 4 ఆంపియర్ల పైకి వెళ్తుంది.

మైక్_ముందు:

అందరూ కెమెరా గురించే రాస్తరు. థ్రిల్లర్‌లో సగం పని చెవులది.

డైలాగు లేదు కాబట్టి కాలర్ మైక్‌ను ఆమెకు పెట్టకండి, చీర, చున్నీ రాపిడి తప్ప ఏం రాదు. తలుపు గొళ్లెం పక్కనో, నేల మీద చెప్పుల పక్కనో పెట్టి చప్పుళ్లు విడిగ రికార్డు చేయండి. తాళంచెవి తిరుగుడు, గొళ్లెం ఈడ్పు, స్విచ్ టక్కుమనుడు ఒక్కోటి ఐదేసి సార్లు. రికార్డింగ్ లెవెల్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగాలె, సున్నాకు తగిలితే పగిలిపోతది, మళ్ల బాగుచేయలేం.

ఫ్యాన్, ఫ్రిజ్ ఆపుండ్రి. ఫ్రిజ్ ఆపినంక మీ బండి తాళం అందుల పెట్టండి, పోయేటప్పుడు మళ్ల ఆన్ చేసుడు మర్చిపోరు. అందరూ కదలకుండా నిలబడి గది నిశ్శబ్దం 60 సెకన్లు రికార్డు చేయండి. ఇది లేకుంటే ప్రతి కట్ దగ్గర వెనకాల మౌనం మారినట్టు వినిపిస్తది.

భయానికి బరువైన బేస్ మ్యూజిక్ పరుస్తరు గదా, 100 హెర్ట్‌జ్ కింద ఉన్నది ఫోన్ స్పీకర్ల, క్లాస్‌రూమ్ స్పీకర్ల దాదాపు వినపడది. హెడ్‌ఫోన్‌లో అదిరిపోతది, ప్రొజెక్షన్ నాడు ఏమీ ఉండదు. నా లెక్కల మ్యూజిక్ మొదటి నిమిషం అసలే వద్దు. పక్కింటి టీవీ సన్నగ, దూరంగ రైలు, ఇన్వర్టర్ బీప్. ఆమె లోపలికి పోగానే టీవీ చప్పుడు ఆగిపోయిందనుకో, చూసేటోడు తనంతట తనే ముందుకు వంగుతడు.

టైటిల్_కార్డు:

వత్తుల సంగతి. పాత అను ఫాంట్లలో టైప్ చేసింది యూనికోడ్ కాదు, ఎడిటింగ్‌లోకి తెస్తే చెత్తగా మారుతుంది. యూనికోడ్‌లోనే టైప్ చేసి మండలి, రామభద్ర వంటి ఫాంట్ పెట్టండి. ఎడిటింగ్‌కు అడోబ్ ప్రీమియర్ వాడితే ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ కింద టెక్స్ట్ ఇంజిన్‌ను సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్‌కు మార్చాలి. అప్పటికే చేసిన టైటిల్ బాగుపడకపోతే కొత్తది టైప్ చేయండి. ఇంకో సాఫ్ట్‌వేర్‌లో కుదరకపోతే ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో రాసి, నేపథ్యం లేని పీఎన్‌జీ బొమ్మగా తెచ్చి పెట్టండి. అక్షరం చెదరదు.

2 నిమిషాలకు ఏడెనిమిది టైటిల్స్ చాలు, ఒక్కోటి 3 సెకన్లు. చెప్పుల షాట్ మీద మాత్రం పేరు వేయకండి, కన్ను అక్షరాల మీదికి పోతుంది. స్టోరీబోర్డ్ గీసేటప్పుడే ఏ ఫ్రేమ్‌లో ఏ మూల ఖాళీ ఉంచాలో గుర్తు పెట్టుకోండి. లక్ష్మి, స్త్రీ లాంటి మాటలకు కిందా పైనా జాగా కావాలి, రెండు వరుసలు దగ్గరగా పెడితే గుడి, వత్తు కొట్టుకుంటాయి.

మట్టెవాడ_గల్లీ:

మస్తు ఉపయోగం అన్నా. కోట, స్టేషన్ తీసేసినం. షాట్లు 23కు వచ్చినయి. ఒక డౌట్: బయట ఆమె ఎడమ నుంచి కుడికి నడిచి తలుపు దగ్గరికొస్తది. లోపలి షాట్‌లో తలుపు కుడి పక్కన ఉన్నది, గది అట్లనే ఉన్నది మరి. నడుస్తదా?

కట్_చెప్పు:

నడవదు. బయట కుడికి పోయిన మనిషి లోపల కుడి నుంచి ఎడమకు వస్తే వెనక్కి తిరిగి బయటికి పోతున్నట్టు ఉంటది. గది మార్చలేవు కాబట్టి బయటి షాట్‌నే మార్చు. కెమెరాను గల్లీకి అవతలి వైపు పెట్టి కుడి నుంచి ఎడమకు నడిపించు. అక్కడ ట్రాన్స్‌ఫార్మరో, బండ్లో అడ్డముంటే నడక మధ్యలో ఆమె వీపు వెనకాల నుంచి ఒక షాట్ పెట్టు, దాని తర్వాత దిక్కు మారినా పట్టించుకోరు. వాడు లోపల ఏ మూలన ఉంటడో కూడా ఇప్పుడే తేల్చుకో. ఎడమ మూలయితే వాడి చూపు ఎప్పుడూ కుడికే ఉండాలె, తలుపు అటే కదా. ఇంటి ప్లాన్ కాగితం మీద గీసి కెమెరా జాగలు బాణాలతో పెట్టి, 23 షాట్లకు నంబర్లు వేసి రేపటికల్లా ఈడ పెట్టు, చూద్దాం.