స్తంభాకార కాక్టస్‌లు: ఈ నాలుగు ఫొటోల్లో ఉన్నవి ఒకే మొక్కా?

ప్రశ్న: మా పెదనాన్నగారు అరిజోనాలోనూ, మెక్సికోలోని బాహా కాలిఫోర్నియాలోనూ తీసిన పాత ఫొటోలను సర్దుతున్నాను. నాలుగింటి వెనుకా ఆయన ‘సగ్వారో’ అనే రాశారు. మొదటి దానిలో ఒకే కాండం నిటారుగా పెరిగి, మనిషి తలకంటే బాగా ఎత్తున రెండు చేతులు చాచింది. బాహాలో తీసిన రెండవది చాలా లావుగా ఉండి, నేలకు దగ్గరలోనే కొమ్మలుగా చీలింది. దక్షిణ అరిజోనాలో తీసిన మూడవదానికి అసలు మొదలే కనబడదు, కాండాలన్నీ నేలలోంచి గుంపుగా లేచాయి. నాలుగవది ఏదో ఉద్యానవనంలోది, నీలిఛాయతో ఉంది. ఆయన రాసినట్టే ఉంచవచ్చా?

జవాబు: మొదటిదానికి ఆ పేరు నిస్సందేహంగా ఉంచవచ్చు. సగ్వారో, అంటే కార్నేజియా గైగాంటియా, చాలా ఏళ్లపాటు చేతులు లేని ఒంటి స్తంభంగానే పెరుగుతుంది. తొలి చేయి రావడానికి సాధారణంగా యాభై ఏళ్లు దాటుతుంది, వానలు తక్కువైన చోట ఇంకా ఆలస్యమవుతుంది. అందుకే చేతులు అంత ఎత్తున మొదలవుతాయి.

రెండవది కార్డోన్, అంటే పాకిసీరియస్ ప్రింగ్లియై అయి ఉండాలి. బాహా ద్వీపకల్పంలో సగ్వారో సహజంగా పెరగదు కాబట్టి, ఫొటో తీసిన చోటే మీకు సగం సమాధానం చెబుతోంది. అయితే మెక్సికోలోని సొనోరా తీరంలో ఈ రెండూ కలిసే కనబడతాయి. అక్కడి ఫొటో అయితే కొమ్మలు ఎక్కడ మొదలయ్యాయో, పూలు ఎక్కడ పూశాయో, కాయ ఎలా ఉందో చూడాలి. సగ్వారో పూలు కాండం కొనమీద కిరీటంలా గుమిగూడతాయి, కార్డోన్ పూలు కొనకు దిగువన పక్కలకు కూడా దిగుతాయి. సగ్వారో కాయ దాదాపు నున్నగా ఉండి, పండి పగిలినప్పుడు ఎర్రటి గుజ్జు బయటపడుతుంది. కార్డోన్ కాయను గోధుమరంగు ముళ్ల నూగు దట్టంగా కప్పేస్తుంది. కాండం లావును మాత్రం ఆధారంగా తీసుకోకండి, ఎందుకంటే వాన పడితే కాండం మీది నిలువు గట్ల మధ్య చాళ్లు విచ్చుకుని అదే మొక్క ఉబ్బుతుంది, ఎండకాలంలో ముడుచుకుపోతుంది.

మూడవది సగ్వారో కాదు. ఆర్గాన్ పైప్ కాక్టస్, సెనీటా అనే రెండూ అలాగే నేలనుంచి గుంపుగా లేస్తాయి. దక్షిణ అరిజోనాలో 1937లో ఏర్పాటైన ఆర్గాన్ పైప్ కాక్టస్ జాతీయ స్మారకంలో రెండూ ఉన్నాయి. ఒక కాండాన్ని ఎంచుకుని, ఈ అంచునుంచి ఆ అంచుదాకా కనబడే గట్లను లెక్కపెట్టి రెట్టింపు చేయండి. ఫొటోలో ఎప్పుడూ సగమే కనబడతాయి కనుక ఇది ఉజ్జాయింపు లెక్కే, కానీ ఇక్కడ అదే చాలు.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలు. మూడవ ఫొటోలో మూడే గట్లు కనబడుతున్నాయి. కొన్ని కాండాల పైభాగం బూడిదరంగు గడ్డం పెరిగినట్టుగా ఉంది. నాలుగవదానికి ఆరు గట్లు ఉన్నట్టున్నాయి; దగ్గరనుంచి తీసిన మరో ఫొటో కూడా దొరికింది, అందులో విచ్చుకోని మొగ్గ ఒకటి ఉంది.

జవాబు: అయితే మూడవది సెనీటా. ఆర్గాన్ పైప్‌కు గట్లు పన్నెండుకు తక్కువ ఉండటం అరుదు. ఆ గడ్డం మరీ బలమైన ఆధారం: పూతకు వచ్చిన సెనీటా కాండాల పైభాగంలో ముళ్లు పొడవుగా, మెలితిరిగిన వెంట్రుకల్లా మారతాయి. పుస్తకాల్లో దీనిని లోఫోసీరియస్ షాటై అనీ, పాకిసీరియస్ షాటై అనీ రెండు విధాలుగా రాస్తారు, మొక్క ఒకటే.

మరొక సభ్యురాలి జవాబు: నాలుగవదాని గురించి నేను చెబుతాను. ముందుగా అది కాక్టసేనా అని చూసుకోవాలి, ఎందుకంటే ఆఫ్రికా యుఫోర్బియాలు అచ్చం ఇలాగే నిలబడతాయి. కాక్టస్ ముళ్లు నూగుతో కూడిన చిన్న మెత్తలలోంచి పుడతాయి, వాటిని ఏరియోల్ అంటారు. స్తంభాకార యుఫోర్బియాలకు ఆ మెత్త ఉండదు, ముళ్లు సాధారణంగా జంటగా ఉంటాయి. గిల్లితే పాలు కారతాయనే పరీక్ష ఫొటోకు పనికిరాదు, ఆ పాలు కంట్లో పడితే ప్రమాదం కూడా.

మీ దగ్గరి ఫొటోలో ఏరియోల్ స్పష్టంగా ఉంది, ప్రతిదానికీ పైన ఆంగ్ల ‘వి’ అక్షరంలాంటి గీత దిగబడి ఉంది. మొగ్గ గొట్టాన్ని పెద్దదిగా చేసి చూశాను. దానిమీద నల్లని రోమాలు ఒత్తుగా ఉన్నాయి. నీలిఛాయ చూసి చాలామంది సీరియస్ అనే కాక్టస్ ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) అనేస్తారు గానీ, దాని పూగొట్టం నున్నగా ఉంటుంది, గట్లు కూడా పలచగా, లోతుగా ఉంటాయి. మీ మొక్క గట్లు వెడల్పుగా, గుండ్రంగా ఉన్నాయి. మిర్టిల్లోకాక్టస్ కూడా నీలంగానే ఉంటుంది, కానీ దాని పూలు చిన్నవి, ఒకే ఏరియోల్ నుంచి అనేకం వస్తాయి; ఇక్కడ ఒక్క పెద్ద మొగ్గే ఉంది. కాబట్టి ఇది పూగొట్టానికి రోమాలుండే ట్రైకోసీరియస్ ప్రజాతి. కొందరు దీనిని ఎకినాప్సిస్ అనే మరో ప్రజాతిలో కలుపుతారు.

జాతి పేరు కూడా రాయాలనిపిస్తుంది గానీ, ఉద్యానవనాల్లో ఈ ప్రజాతి సంకరాలు విస్తారంగా ఉన్నాయి, ఎక్కడినుంచి తెచ్చారో తెలియని మొక్కకు ఒక్క ఫొటోతో అంతదూరం వెళ్లడం నాకు సమ్మతం కాదు. ఫొటో వెనుక ‘ట్రైకోసీరియస్, జాతి నిర్ధారణ కాలేదు’ అని రాయండి. మీ పెదనాన్నగారి రాతను మాత్రం కొట్టివేయకుండా పక్కనే ఉంచండి.