వెంచరు భూమిలో చెట్ల లెక్క: నివేదిక ఎవరితో రాయించాలి, ఎప్పుడు రాయించాలి?

ప్రశ్న (నల్లగొండ నుంచి)

అందరికీ నమస్కారం. నల్లగొండకు దగ్గరలో, దేవరకొండ రోడ్డు వైపు మా అన్నదమ్ములకు ఉమ్మడిగా నాలుగెకరాల ముప్పై గుంటల పట్టా చెల్క ఉన్నది. బోర్లు అడుగంటి బత్తాయి తోట ఎండిపోయిన నాటి నుంచి అది బీడుగానే పడి ఉన్నందున, వ్యవసాయేతర భూమిగా మార్పించి అనుమతి పొందిన లేఅవుట్ వేయాలని నిర్ణయించుకున్నాము. సర్కారు తుమ్మను వదిలేస్తే అందులో వేపలు పదకొండు, చింతలు మూడు, కానుగలు ఆరు, తాళ్లు ఇరవై ఆరు, ఈదులు తొమ్మిది, గట్టు మీద ఒక పెద్ద మర్రి ఉన్నాయి. ఇందులో వాటాదారుడైన మా బావమరిది ఇంగ్లండులో ఉంటాడు. అక్కడ చెట్లున్న స్థలంలో ఇల్లు కట్టాలంటే ముందుగా చెట్ల నిపుణుడి నివేదిక జతచేయాలని, మనమూ అలాంటిది రాయించాలని పట్టుబడుతున్నాడు. ఇక్కడ మాట్లాడిన మధ్యవర్తి మాత్రం జేసీబీ పెడితే రెండు రోజుల్లో చదును అవుతుందని, ఆ తరువాత అడిగేవారే ఉండరని అంటున్నాడు. మాకు ఆ మాట నచ్చలేదు. మన దగ్గర ఇలాంటి నివేదిక రాసేవారెవరు, అందులో ఏమేమి ఉండాలి, ఏ దశలో రాయించాలి అన్నది తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (విశ్రాంత అటవీ ఉద్యోగి, మహబూబ్‌నగర్)

మధ్యవర్తి మాట వినకపోవడం మంచిదయింది. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం పట్టా భూమిలోని చెట్టునైనా ముందస్తు అనుమతి లేకుండా కొట్టకూడదు. కొట్టిన కలపను తరలించాలంటే దానికి మళ్లీ వేరే పర్మిట్ కావాలి. సరుగుడు, సుబాబుల్, నీలగిరి, సర్కారు తుమ్మ వంటి కొన్ని జాతులకు మినహాయింపు ఉన్నది గాని, ఆ జాబితా ఎప్పటికప్పుడు సవరణకు గురవుతుంటుంది కాబట్టి మీ జిల్లా అటవీ కార్యాలయంలో అడిగి, తాజా ప్రతి చూసుకున్నాకే తుమ్మల మీద చెయ్యి వేయండి. 2025 మార్చిలో మథుర, బృందావనం ప్రాంతంలో అనుమతి లేకుండా 454 చెట్లు కొట్టిన భూయజమానికి సుప్రీంకోర్టు చెట్టుకు లక్ష రూపాయల చొప్పున జరిమానా ఖరారు చేసింది. అది తాజ్‌మహల్ పరిరక్షణ మండలానికి సంబంధించిన కేసు, మన చెల్కకు నేరుగా వర్తించేది కాదు; అయినా మీ మధ్యవర్తికి చదివి వినిపించడానికి పనికివస్తుంది.

ఇక మీ బావమరిది గారు చెప్పింది నిజమే. బ్రిటన్‌లో 2012 నాటి బీఎస్ 5837 అనే ప్రమాణం ప్రకారం చెట్లను ఏ, బీ, సీ, యూ అనే తరగతులుగా విడదీస్తారు. ఏ అంటే తప్పక నిలుపుకోదగినది, యూ అంటే పదేళ్లు కూడా నిలిచే ఆశ లేనిది. మన దగ్గర చట్టబద్ధమైన లైసెన్సు పొందిన చెట్ల నిపుణుడు అనే హోదా లేదు. దరఖాస్తు పెట్టుకున్న తరువాత అటవీ సిబ్బంది స్వయంగా వచ్చి, చెట్లకు నంబర్లు వేసి, తమ లెక్క తామే రాసుకుంటారు. మీరు రాయించే నివేదిక దానికి బదులు కాదు. అయితే ఏది నిలపాలి, ఏది తీయాలి అన్న నిర్ణయం మీదే గనుక, ఆ నిర్ణయానికి ఆధారం మీ చేతిలో ముందే ఉండడం అవసరం.

రాయడానికి అటవీ శాస్త్రం చదివినవారైతే మేలు. సిద్దిపేట జిల్లా ములుగులోని అటవీ కళాశాలలో చదివి బయటకు వచ్చిన పట్టభద్రులు ఇప్పుడు దొరుకుతున్నారు. రేంజరుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవారూ రాయగలరు. నర్సరీ నడిపేవారితో గాని, కలప వ్యాపారితో గాని రాయించకండి. కలప వ్యాపారి కంటికి ప్రతి చెట్టూ పుచ్చిపోయినట్టే కనిపిస్తుంది.

నివేదికలో ప్రతి చెట్టుకు నంబరు, జాతి పేరు, నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో తీసిన చుట్టుకొలత, సుమారు ఎత్తు, కొమ్మలు నాలుగు దిక్కులా ఎంత దూరం పరచుకున్నాయన్నది, తొర్రలు, చెదలు, పగుళ్లు, వాలు, ఫొటో, ఫోనులోనైనా తీసుకున్న అక్షాంశ రేఖాంశాలు ఉండాలి. చివరి గడిలో నిలపాలా, కొమ్మలు దించితే చాలా, తీసేయాలా అన్న సలహాను కారణంతో సహా రాయించండి. కారణం లేని సలహాకు విలువ లేదు.

జవాబు (లేఅవుట్ సర్వేయరు, మిర్యాలగూడ)

పెద్దలు చెప్పినదానికి ఎప్పుడు అన్న ప్రశ్న మీద నా అనుభవం కలుపుతాను, ఎందుకంటే ఆ తప్పు నేను స్వయంగా చేశాను. కొన్నేళ్ల కింద ఒక వెంచరుకు ముందు ప్లాను గీసి, ప్లాట్లన్నీ లెక్క కట్టి, ఆ తరువాత చెట్లను చూడబోయాను. నలభై అడుగుల రోడ్డు సరిగ్గా రెండు పెద్ద చింతల మీదుగా వచ్చింది. యజమానికి ఆ చెట్లంటే ప్రాణం కావడంతో ప్లాను మళ్లీ గీయవలసి వచ్చింది, నా ఫీజులో సగం అందులోనే పోయింది. అందుచేత హద్దుల సర్వే చేసే రోజునే ప్రతి మొదలును టోటల్ స్టేషను అనే సర్వే యంత్రంతో ఒక బిందువుగా పటంలోకి ఎక్కించమని మీ సర్వేయరుకు చెప్పండి. యాభై ఆరు చెట్లంటే పూట పని కన్నా ఎక్కువ కాదు. ప్లాను గీసేవారికి ఆ పటం ఇచ్చి, ప్రజావసరాలకు ఎలాగూ వదలవలసిన ఖాళీ స్థలాన్ని మంచి చెట్లు గుంపుగా ఉన్నచోట పెట్టమనండి. మీరు ఆ నేలను ఎట్లాగూ అమ్ముకోలేరు, కాబట్టి అక్కడ చెట్టు నిలిపితే మీకు ఒక్క గజమూ నష్టం లేదు.

చెట్టు చుట్టూ ఎంత వదలాలన్న దానికి పైన చెప్పిన బ్రిటన్ ప్రమాణంలో ఒక సులభమైన లెక్క ఉన్నది, నేను దానినే వాడుతున్నాను. మొదలు వ్యాసాన్ని పన్నెండుతో హెచ్చవేస్తే వేర్ల రక్షణకు వదలవలసిన వలయపు వ్యాసార్థం వస్తుంది. పదిహేను మీటర్లు దాటితే అక్కడికే ఆపుతారు. ఉదాహరణకు మీ చింత చుట్టుకొలత రెండున్నర మీటర్లు అనుకుందాం. దానిని 3.14తో భాగిస్తే వ్యాసం 80 సెంటీమీటర్లకు కాస్త తక్కువ, పన్నెండు రెట్లు అంటే దాదాపు తొమ్మిదిన్నర మీటర్లు. ఆ వలయపు విస్తీర్ణం సుమారు 340 చదరపు గజాలు అవుతుంది. మొదలు చుట్టూ నాలుగడుగుల గద్దె కట్టి చెట్టును కాపాడామని చెప్పుకునేవారికి ఈ అంకె చూపించాలి. వేర్లలో ఎక్కువ భాగం పైపొరలో, మూడడుగుల లోపే ఉంటుంది. డ్రైనేజీ కాలువ కోసం తవ్వినా, రోడ్డు ఎత్తు కోసం మొదలు మీద మొరం పోసినా చెట్టు ఆ ఏడు పచ్చగానే కనిపించి, రెండు మూడేళ్లకు పైనుంచి ఎండుతూ వస్తుంది. అప్పటికి ప్లాట్లు అమ్ముడుపోయి ఉంటాయి కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. మరో మూడు సందేహాలు మిగిలాయి. పదకొండు వేపల్లో నాలుగు కొసలు మాడి గోధుమ రంగులో ఉన్నాయి, చచ్చినవని రాయించవచ్చునా? తాళ్లు, ఈదులు కూడా అటవీ శాఖ దరఖాస్తులోనే కలపాలా? మర్రి మా ప్రవేశ ద్వారం పక్కనే వస్తున్నది, దాని కింద మనుషులు తిరగడం క్షేమమేనా?

జవాబు (విశ్రాంత అటవీ ఉద్యోగి, మహబూబ్‌నగర్)

వేపల సంగతి ముందు. గత కొన్నేళ్లుగా తెలంగాణ అంతటా వేపకు కొసలు ఎండే తెగులు సోకుతున్నది. శిలీంధ్రం వల్ల వచ్చే ఆ తెగులులో చెట్టంతా కాలినట్టు కనిపిస్తుంది గాని, చాలా చెట్లు మళ్లీ చిగురిస్తాయి. అందుచేత ఆకును చూసి చచ్చిందని రాయకూడదు. బెరడును గోటితో గీరితే కింద పచ్చగా, తడిగా ఉన్నదా అన్నది చూడాలి. మొదలు నుంచి కొమ్మ దాకా నాలుగైదు చోట్ల గీరి చూసి, ఆ ఫలితాన్నే నివేదికలో రాయించండి. వీలైతే ఒక చిగురు కాలం ఆగి మళ్లీ చూడండి.

తాళ్లు, ఈదుల దగ్గర చాలామంది పొరబడతారు. కల్లు గీసే చెట్లకు ఆబ్కారీ శాఖ అనుమతి విడిగా తీసుకోవాలి, అటవీ శాఖ కాగితం దానికి చాలదు. చెట్టు మీ పట్టాలో ఉన్నా, దానిని గీసే హక్కు లైసెన్సు ద్వారా గీత కార్మికులకు దక్కి ఉండవచ్చు. మొదళ్ల మీద నంబర్లు ఉన్నాయేమో చూడండి. ఉంటే ఆబ్కారీ స్టేషనుకు వెళ్లకముందే ఊరి గీత సంఘం పెద్దలను పిలిచి కూర్చోబెట్టుకుని మాట్లాడండి. ఇరవై ఆరు తాళ్లంటే కొన్ని ఇండ్ల బతుకుదెరువు; చెప్పకుండా కొడితే కేసు కన్నా ముందు ఊళ్లో పంచాయితీ వస్తుంది. తాడికి కొమ్మలు ఉండవు, నీడ తక్కువ, నిటారుగా పెరుగుతుంది గనుక రోడ్డు అంచున వరుసలో ఉన్నవాటిని చాలావరకు అక్కడే నిలుపుకోవచ్చు.

మర్రి గురించి మా పిల్లలమర్రినే తలుచుకోండి. మూడెకరాలకు పైగా విస్తరించిన ఆ చెట్టుకు 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగిపడేదాకా లోపల చెదలు ఎంత తిన్నాయో చూసేవారికి తెలియలేదు. 2018లో సెలైన్ సీసాల ద్వారా క్లోరిపైరిఫాస్ మందును బొట్టు బొట్టుగా ఎక్కించి, వాలిన కొమ్మల కింద ఆనికలు కట్టి, సందర్శకులను ఆపి కాపాడవలసి వచ్చింది. మీ మర్రికి పచ్చటి ఆకు ఉన్నదని ధీమాపడకుండా, కర్ర సుత్తితో మొదలు చుట్టూ, పెద్ద కొమ్మల మొదట్లోనూ కొట్టి డొల్ల శబ్దం ఎక్కడ వస్తున్నదో గుర్తింపజేయండి. మట్టి గూళ్లు, పాత నరుకుల చోట నల్లబడ్డ నీరు, కొమ్మ కలిసే చోట లోపలికి ముడుచుకున్న బెరడు ఉంటే అవన్నీ రాయించండి. వేలాడే ఊడలను అందం కోసం నరకకండి. నేలను చేరినవి రేపు ఆ కొమ్మలకు స్తంభాలవుతాయి. ద్వారాన్నే ముప్పై అడుగులు పక్కకు జరపగలిగితే అన్నిటికన్నా చౌక.

జవాబు (లేఅవుట్ సర్వేయరు, మిర్యాలగూడ)

మర్రిని లేపి వేరేచోట నాటించవచ్చునని ఎవరైనా చెబితే తొందరపడకండి. మర్రి, రావి, జువ్వి ఆ పనికి బాగా ఓర్చుకునే జాతులే గాని, అంత పెద్దదానికి కొమ్మలన్నీ కొట్టేసి, క్రేను పెట్టి, తరువాత ఏడాది పొడవునా నీళ్లు పోయాలి; మీ బోర్లు ఎండినవని మీరే రాశారు. తీయక తప్పని చెట్లకు బదులుగా మొక్కలు నాటాలన్న షరతు అనుమతితో పాటు వస్తుంది కాబట్టి, ఆ మొక్కల చోటును కూడా ప్లానులోనే చూపించండి. నిర్మాణ విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు దాటే అపార్టుమెంట్ల వంటివాటికైతే 2006 నోటిఫికేషను కింద పర్యావరణ అనుమతి వేరుగా కావాలి, మీ ప్లాట్ల వెంచరుకు ఆ గొడవ లేదు.

అడిగినవారు

మీరు చెప్పినట్టే చేశాము. సర్వే రోజున యాభై ఆరు మొదళ్లూ పటంలోకి ఎక్కాయి. ములుగులో చదివిన ఒక అబ్బాయి రెండు రోజులు ఉండి నివేదిక రాశాడు. నాలుగు వేపల్లో మూడింటికి బెరడు కింద పచ్చగానే ఉన్నది, ఒకటే ఎండింది. రెండు చింతలు, మూడు కానుగలు పార్కు స్థలంలోకి వచ్చాయి. మూడో చింత రోడ్డులో పడుతున్నందున దానికి, ఎండిన వేపకు మాత్రమే అటవీ శాఖలో దరఖాస్తు ఇచ్చాము. తాళ్లలో పద్నాలుగింటికి నంబర్లు ఉన్నాయని తేలింది. ఆదివారం గీత సంఘం వారు వస్తామన్నారు, ఆ మాటలు ఎటు తేలితే దానిని బట్టి తూర్పు రోడ్డును గీయమని సర్వేయరుకు చెప్పి ఆపాము.